తెల్లబడిన తొట్టి, నల్లకోట్ల బృందం

లేవార్డెన్‌లో ఆ శనివారం ఉదయం వీబె వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గాజుతొట్టి నీళ్ళు పరీక్షించాలి, మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి భార్య ఔక్యెను ఇంటికి తీసుకురావాలి. తుంటి ఆపరేషన్ అయి ఆమె వారం రోజులుగా అక్కడే ఉంది. ఆ వారమంతా ఆమె పగడాల తొట్టి బాధ్యత వీబె మీద పడింది. ముప్పై ఏళ్ళు కాలువ మీద వంతెన ఎత్తీ దించీ రిటైరైన తనకు అరవై లీటర్ల సముద్రం ఒక లెక్కా అనుకున్నాడు.

ఆ తొట్టిలో ఔక్యెకు ప్రాణప్రదమైనది ఒక ఆకుపచ్చ పగడం. బొటనవేలంత ముక్కగా తెచ్చి తొమ్మిదేళ్ళు పెంచితే రెండు పిడికిళ్ళంత అయింది. నీళ్ళలో క్షారం తగ్గినా పెరిగినా పగడాలకు ముప్పేనని ఆమె నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టి వెళ్ళింది. గాజుగొట్టంలో గీత దాకా తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేయాలి. నీలం రంగు పసుపుగా మారడానికి ఎనిమిది చుక్కలు పడితే అంతా బాగున్నట్టు.

వీబెకు నాలుగు చుక్కలకే పసుపు వచ్చేసింది.

గబగబా క్షారం పెంచే సోడా సీసా తీసి గ్లాసెడు పోశాడు. క్షారం సగానికి పడిపోతే కాల్షియమూ పడిపోయే ఉంటుందని రెండో సీసా కూడా అందుకున్నాడు. రెంటికీ మధ్య అరగంట ఆగాలని నోటుబుక్కులో ఉంది. ప్రాణాపాయంలో అరగంటేమిటని అదీ ఒంపేశాడు. చూస్తుండగానే నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి. ఆకుపచ్చ పగడం వేళ్ళన్నీ ముడుచుకుంది.

తడి చేతులతోనే ఫోను తీసి, ఔక్యె సభ్యురాలిగా ఉన్న ఉప్పునీటి సంఘానికి సందేశం పంపాడు: "పొద్దున బాగానే ఉంది. ఇప్పుడు తెల్లగా పాలిపోయింది, కదలిక లేదు. తప్పు నాదే. ఔక్యెను మూడింటికల్లా ఇంటికి తెస్తున్నాను. దయచేసి ఎవరైనా రండి."

గంట తిరక్కుండా తొమ్మిది మంది వచ్చారు. అందరూ చావులకు వేసుకునే నల్లకోట్లు వేసుకున్నారు, తలా ఒక కార్డు పట్టుకున్నారు. సంఘం అధ్యక్షుడు రీంక్ చేతిలో పూలచక్రం ఉంది. పక్కవీధి చిట్స్కె చక్కెర రొట్టె పట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ నిలబడింది. తొట్టి కోసం ఇంత పద్ధతిగా వచ్చారా అని వీబె కళ్ళు చెమర్చాయి.

"లోపలికి రండి. ముందుగదిలోనే ఉంది," అన్నాడు.

చిట్స్కె గుమ్మం పట్టుకుంది. "అప్పుడే తెచ్చేశారా? ముందుగదిలో పెట్టారా?"

"ఇంకెక్కడ పెడతాను? మొదట్నించీ అక్కడేగా ఉంది. మీరే చూద్దురుగాని. రంగంతా పోయింది. వేళ్ళు ముడుచుకుపోయాయి."

"బాధపడిందా?"

"ఏమో. అంతా నిమిషంలో అయిపోయింది. నేనే పోశాను. రెండు సీసాలూ ఒకేసారి."

రీంక్ అతని భుజం గట్టిగా పట్టుకున్నాడు. "వీబె, ఇక ఒక్క మాట మాట్లాడకు. మా అల్లుడు లాయరు. ముందు అతణ్ణి రానీ."

అడుగులో అడుగేసుకుంటూ అందరూ ముందుగదిలోకి వెళ్ళారు. తెల్లటి తొట్టి ముందు ఆగి, తొమ్మిది మందీ గది నాలుగు మూలలా వెతికి చూశారు.

"ఔక్యె ఏది?" అన్నాడు రీంక్.

"ఆసుపత్రిలో. కర్రలతో మెట్లెక్కడం నేర్పిస్తున్నారు."

చిట్స్కె కుర్చీలో కూలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. రీంక్ మాత్రం కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, గాజుగొట్టం అందుకున్నాడు. "నీళ్ళు ఎందాకా పట్టావు?"

వీబె వేలు పెట్టి చూపించాడు.

"అది సగం గీత. సగం నీళ్ళకి సగం చుక్కలే పడతాయి. పొద్దున ఈ తొట్టికి ఏ జబ్బూ లేదయ్యా."

ఉప్పునీళ్ళు అప్పటికప్పుడు కలిపితే పగడాలు తట్టుకోవు. అందుకని తొమ్మిది మందీ ఇళ్ళకు పరుగెత్తి, ఎవరి తొట్టిలోంచి వాళ్ళు ఐదేసి లీటర్లు తోడుకొచ్చారు. తమ పగడాల నోటి ముందు నీళ్ళు తీసి పరాయి పగడాలకు పోస్తుంటే, వీబె వంటింట్లోకి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టాడు. ఊరికే అందరికీ కాఫీ పోస్తూ తిరిగాడు. చిట్స్కెకు మూడుసార్లు పోశాడు. ఆమె మూడుసార్లూ తాగింది.

ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో నిజం చెబుదామని వీబె నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ గాలి గురించి మాట్లాడాడు. ఔక్యె కర్రల మీద లోపలికొచ్చి నల్లబట్టల వాళ్ళనూ, బకెట్లనూ, పూలచక్రాన్నీ చూసింది. తర్వాత తొట్టిని చూసింది. నీళ్ళలో ఇంకా పలచటి మసక ఉంది.

"రెండూ ఒకేసారి పోశావా?"

"పోశాను," అన్నాడు వీబె తలవంచుకుని. "నువ్వేమన్నా పడతాను."

ఔక్యె మెల్లగా కూర్చుంది. "ఏమంటాను? ఆ పగడం తెచ్చిన రెండో ఏడు నేనూ అదే చేశాను. నువ్వు వంతెన మీద డ్యూటీలో ఉన్నావు. వీళ్ళే వచ్చి నీళ్ళు మార్చారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

వీబె తల తిప్పి చూశాడు. తొమ్మిది మందీ కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు.

సాయంత్రానికి ఆకుపచ్చ పగడం ఒక్కొక్క వేలే బయటపెట్టింది. ఔక్యె అప్పటికి సంతాపం కార్డులన్నీ ముందేసుకుని చదువుతోంది. ఔక్యె తొట్టికి ఏటా ఏదో ఒక వంక పెట్టే రీంక్ కార్డు మీద, ఫ్రీస్‌లాండ్‌లో ఇంత చక్కటి తొట్టి మరొకటి లేదని, ఆ సంగతి ఆమె బతికుండగా చెప్పలేకపోయానని రాసి ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కొక్కరి చేయీ పట్టుకుని కూర్చోబెట్టి రొట్టె కోసిపెట్టింది.

తొందరపాటులో రాసినది కదా, ఇచ్చేస్తే సరిచేసి తెస్తానని రీంక్ ఆ కార్డు కోసం ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు.