కారు పైకప్పుకి ముహూర్తం

ఆ ఆదివారం పొద్దున్న శ్రీరామచంద్ర అనుకున్నది చాలా చిన్న పని. కాఫీ తాగి ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళాలి. అక్కడ మెకానిక్ సాల్మన్ షెడ్డులో కారు పైకప్పు కోయించి, తెరుచుకునే అద్దం, అదే సన్‌రూఫ్ పెట్టించాలి. చీకటిపడేలోగా తిరిగొచ్చి మావగారికి ఫోన్ చేసి పనైందని చెప్పాలి. కారుకి నిండా రెండేళ్ళు లేవు, దాని ఒంటిమీద ఒక్క గీత లేదు. పార్కింగులో పక్కవాడు తలుపు తీస్తేనే ఊపిరి బిగబట్టే ఈ మనిషి, కారుని కోత మిషను కిందికి తనంతట తానే తోలుకెళ్ళడానికి కారణం ఆ మావగారే.

మావగారు సుందరరామయ్యగారిది ముదినేపల్లిలో పౌరోహిత్యం. పెళ్ళయిన ఏడాదికే శ్రీరామచంద్ర పనిచేసే కంపెనీ మూతపడితే, కూతురినీ అల్లుడినీ ఇంటికి తెచ్చుకుని, మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా ఉంచుకున్నారు. అల్లుడు రాసిన ఉద్యోగ పరీక్ష ఏమైందని గానీ, ఎన్నాళ్ళుంటారని గానీ ఒక్కనాడూ అడగలేదు. ఇల్లరికమా అని ఊళ్ళోవాళ్ళు నవ్వితే, తనకే తోడు లేక రమ్మన్నానని చెప్పి నోళ్ళు మూయించారు. ఇప్పుడు శ్రీరామచంద్ర ఏలూరులో బీమా ఆఫీసులో అధికారి. ఆ మేలు తలచుకున్నప్పుడల్లా అతని కళ్ళు చెమరుస్తాయి. తీర్చుకునే దారి మాత్రం లేదు. పంచెల చాపు పెడితే ఆయన ఇంకో చాపు పెడతారు. మామిడిపళ్ళ బుట్ట పంపితే ఆవకాయ జాడీ వస్తుంది. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే రకం కాదాయన.

అలాంటి మనిషి మాఘమాసంలో నోరు తెరిచారు. తణుకులో పెళ్ళికి అత్తమామల్ని కారులో తీసుకెళుతుంటే, గుండుగొలను దగ్గర ముందు పోతున్న కారు పైకప్పులోంచి ఒక పెళ్ళికొడుకు నడుందాకా పైకి లేచాడు. నుదుట బాసికం, కళ్ళకి నల్లద్దాలు. హైవే మీద లారీలన్నిటికీ నమస్కారాలు పెడుతున్నాడు. శ్రీరామచంద్ర అతని మీంచి చూపు తిప్పలేదు. అప్పుడు వెనక సీట్లోంచి సుందరరామయ్యగారు, "బావుందండీ అల్లుడుగారూ, గాలికి గాలీ వెలుతురుకి వెలుతురూనూ" అన్నారు. ఇన్నాళ్ళకి పెద్దాయన నోట ఒక కోరిక వచ్చిందని అల్లుడి గుండె గంతేసింది.

షోరూములో వాకబు చేస్తే, పైకప్పు కోస్తే వారంటీ పోతుందనీ, వానకి కారితే తమని అడగొద్దనీ మర్యాదగానే చెప్పారు. భార్య మనస్వికీ ఈ పని సుతరామూ ఇష్టం లేదు. కానీ నాన్నగారి ముచ్చట అనేసరికి కాదనలేక తల్లి వెంకటసుబ్బలక్ష్మిగారికి ఫోన్ చేసింది. ఆవిడ విని, మంచిదే కదే అంది. ఆవిడ అన్నిటికీ అదే మాట అంటుంది కనక కూతురు పట్టించుకోలేదు.

భార్య ద్వారా కబురు విన్న సుందరరామయ్యగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లక్షణమైన కారుకి నెత్తిన కన్నం పెట్టించడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. అయినా అల్లుడు ముచ్చటపడితే అడ్డుచెప్పడం ఆ ఇంటా వంటా లేదు. ఎలాగూ తప్పని కోత మంచి ఘడియలో జరిగితే కొంతలో కొంత నయమని పంచాంగం తిరగేశారు. తెల్లారి అల్లుడు కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా ఫోన్ చేసి, మధ్యాహ్నం లోపు దివ్యమైన లగ్నం ఉందనీ, తామిద్దరూ నేరుగా తాడేపల్లిగూడెం వస్తున్నామనీ, అందాకా మిషను తగలనివ్వద్దనీ చెప్పారు. పాపం, పెద్దాయన సాయంత్రం దాకా ఆగలేకపోతున్నారనుకున్నాడు శ్రీరామచంద్ర.

ముహూర్తమన్న మాట బయటికొస్తే ఊరుకుంటుందా? సుందరరామయ్యగారు దారిలో గుండుగొలనులో ఉండే పెత్తండ్రి కొడుకు శేషగిరిరావుగారికి చెప్పారు. వాస్తు పిచ్చి గల ఆ శేషగిరిరావుగారు, ఏలూరు అల్లుడుగారి కారుకి ఇవాళే ముహూర్తమని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొత్త కారు కొన్నారు కాబోలనుకుని తణుకు నుంచీ భీమడోలు నుంచీ బంధువులు కొబ్బరికాయలతో, బంతిపూల దండలతో బయల్దేరారు. సాల్మన్ షెడ్డు ముందు కారుని చూసి, కొత్త మోడల్ అదిరిందని మెచ్చుకుని, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు. కోతకి ముహూర్తమని తెలిశాక వెనక్కి పోతే బావుండదని అందరూ అక్కడే ఉండిపోయారు. గుమ్మడికాయ తెచ్చినాయన మాత్రం, దాన్ని కోతకి ముందు కొట్టాలో తరవాత కొట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

సాల్మన్ పైకప్పు నడిమధ్య టేపుతో గుర్తు పెట్టాడు. శేషగిరిరావుగారు జేబులోంచి దిక్సూచి తీసి, ఆకాశం కనపడే చోటు ఈశాన్యంలోనే ఉండాలని అడ్డం తిరిగారు. టేపు పీకి ముందు మూలకి జరిపారు. అటు వెళ్ళేటప్పుడు ఈశాన్యమైన మూల ఇటు తిరిగొచ్చేటప్పుడు నైరుతి అవుతుంది కదా బాబాయిగారూ అని భర్తతో వచ్చిన మనస్వి అడిగింది. ఆయన కారు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, ఆ ప్రశ్న శాస్త్రంలో లేదన్నారు. తగువు ముదురుతుంటే సుందరరామయ్యగారు కల్పించుకుని, పాతకాలపు మండువా లోగిళ్ళకి ఆకాశం నడిమధ్యే కదా ఉండేది, ఇదీ అంతేనని తేల్చారు. అందరూ ఔరా అన్నారు. టేపు మళ్ళీ మధ్యకి వచ్చింది. అంత బాగా ఎందుకు చెప్పానా అని ఆయనే లోపల నొచ్చుకున్నారు.

లగ్నం వచ్చింది. సాల్మన్ మిషను చేతిలోకి తీసుకుని, పెద్దలు ఊ అంటే మొదలుపెడతానన్నాడు. శుభకార్యానికి పెద్దల నోటి మాట ఉండాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

"మీరు సెలవివ్వండి మావయ్యగారూ."

"కారు మీది అల్లుడుగారూ. మీరే అనాలి."

"మీరుండగా నేనా అండీ?"

"మీరనకుండా నేనెలా అంటానండీ?"

మిషను గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. ఒకరు చెయ్యి చూపిస్తే రెండోవారు దణ్ణం పెట్టారు. ఎదుటివాళ్ళు ఊ అనకపోతే బావుండునని ఇద్దరూ లోపల మొక్కుకుంటున్నారని సాల్మన్‌కి ఏం తెలుసు? చివరికి శేషగిరిరావుగారు వాచీ చూసుకుని, లగ్నం దాటిపోయింది, వర్జ్యం వచ్చేసిందన్నారు. సాల్మన్ మిషను కింద పెట్టాడు. మావా అల్లుళ్ళిద్దరూ అమ్మయ్య అని ఒకేసారి ఊపిరి వదిలారు. అది షెడ్డంతా వినపడింది.

మనస్వి తండ్రి ముఖం లోకి చూసింది. "నాన్నగారూ, నిజం చెప్పండి. ఇది మీకు ఇష్టమేనా?"

"నాకెందుకమ్మా? గాలి తగిలితే తలపోటొచ్చే మనిషిని. అల్లుడుగారు ఆ పెళ్ళికొడుకుని రెప్ప వెయ్యకుండా చూస్తుంటే, మనసు పడ్డారు కాబోలని ఆ మాటన్నాను."

"అతను జారి నా బానెట్ మీద పడతాడేమోనని చూశానండీ," అన్నాడు శ్రీరామచంద్ర.

బంధువులు పడీపడీ నవ్వారు. నవ్వుల మధ్య శ్రీరామచంద్ర ముందుకొచ్చాడు. ఉద్యోగం లేని రోజుల్లో మావగారు తమని కడుపులో పెట్టుకుని చూశారు, దానికి బదులు ఏదో ఒకటి చెయ్యాలన్న తాపత్రయమే తప్ప ఇంకేమీ లేదని నలుగురిలోనూ చెప్పేశాడు.

సుందరరామయ్యగారు ఇబ్బందిగా కదిలారు. "నేను చేసిందేముందండీ? పొద్దున్న పోతే రాత్రికొచ్చే మనిషిని. మిమ్మల్ని తీసుకొద్దామన్నది మీ అత్తగారు. ఏమీ అడగొద్దని నాకు ఒట్టు పెట్టిందీ ఆవిడే. తోడు లేక రమ్మన్నానని ఊళ్ళోవాళ్ళకి చెప్పమని నేర్పిందీ ఆవిడే."

అందరి తలలూ తిరిగాయి. వెంకటసుబ్బలక్ష్మిగారు ఒక మూల కుర్చీలో, ఒళ్ళో పులిహోర డబ్బాతో కూర్చుని ఉంది. నీకేమన్నా కావాలా అమ్మా అని మనస్వి అడిగింది. పొద్దుణ్ణించీ ఆవిణ్ణి ఎవరన్నా ఏదన్నా అడగడం అదే మొదలు.

"మంచిదేనని ఫోన్‌లోనే అన్నాను కదే."

"మర్యాదకి అన్నావనుకున్నానమ్మా."

"మర్యాదకేం కాదు. ఎవరెక్కినా కారులో మధ్య సీటు నాదే. కొల్లేరు దాటేటప్పుడు అటువాళ్ళు అటూ ఇటువాళ్ళు ఇటూ పక్షులు పక్షులంటారు. నాకు మీ భుజాలే కనిపిస్తాయి. పైన తెరుచుకుంటే నేనూ చూడొచ్చు కదా అనుకున్నాను."

 ముదినేపల్లిలో పరీక్షకి చదువుకునే రోజుల్లో, తెల్లవారుజామున పుస్తకాల పక్కన కాఫీ పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిన మనిషి ఎవరో శ్రీరామచంద్రకి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ దణ్ణం ఒకరికీ, వరం ఒకరిదీ అయింది. వర్జ్యమైనా సరే కోసెయ్యమని సాల్మన్ వైపు తిరిగాడు. వెంకటసుబ్బలక్ష్మిగారు లేచొచ్చి టేపు తనే పీకేసింది. బంగారంలాంటి కారుని పాడుచెయ్యొద్దనీ, ఒక్కసారి చూస్తే తనకి చాలుననీ అంది. సాల్మన్ తన సొంత కారుకి శాంపిల్‌గా సన్‌రూఫ్ పెట్టుకున్నాడు. దాన్ని బయటికి తీసి, ఎక్కండమ్మగారూ అన్నాడు.

పొద్దు వాలేవేళకి బంధువులందరూ బారుగా ఏలూరు దాటి కైకలూరు రోడ్డులో కొల్లేరు చేరారు. సాల్మన్ కారు రోడ్డు పక్కన ఆపి, పైన అద్దం తెరిచాడు. వెంకటసుబ్బలక్ష్మిగారు చెప్పులు విడిచి, కొంగు నడుముకి బిగించి, సీటు మీద లేచి నిలబడింది. నీళ్ళ మీంచి గూడబాతుల గుంపు ఒకటి లేచి ఆవిడ తల మీదుగా తాపీగా పోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని రెండో వైపు తిరిగి చూసింది. చాలాసేపు దిగలేదు, ఎవరూ దిగమనలేదు.

ఆవిడ జారకుండా శ్రీరామచంద్ర సీటు ముందు కింద చతికిలబడి ఆవిడ కాలు రెండు చేతులా పట్టుకున్నాడు. పెళ్ళిలో కాళ్ళు కడిగించుకున్న అల్లుడు అత్తగారి కాలు పట్టుకోవచ్చునా అని శేషగిరిరావుగారికి ధర్మసందేహం వచ్చింది. సుందరరామయ్యగారిని అడుగుదామని కారులోకి తొంగిచూస్తే, ఆయన రెండో కాలు పట్టుకుని ఉన్నారు.