ఎదుటి షోరూమ్ వాడు

మనిషికి ఆత్మ ఎక్కడుంటుందో పెద్దలింకా తేల్చలేదు గాని, కారు ఆత్మ మాత్రం బానెట్ కొసన అతికించే అరచేయంత లోగో బిళ్లలో ఉంటుందని రెండు జపాన్ కంపెనీలు ఒప్పందం రాసుకుని మరీ తేల్చేశాయి. ఒక కంపెనీ తయారుచేసిన మధ్యతరహా సెడాన్‌కి బిళ్ల మార్చి రెండో కంపెనీ కూడా అమ్ముకుంటుంది. (ఇంజను, సీట్లు, డిక్కీ మూసినప్పటి చప్పుడు, అన్నీ ఒకటే. చప్పుడుకి విడిగా ఒప్పందం ఉంది.)

షోరూములు ఒకే రోడ్డుకి అటూ ఇటూ వెలిశాయి. కొన్నాళ్లకి రెండు కంపెనీల ఉమ్మడి ఖర్చుల పొదుపు విభాగాధిపతికి ఒక ధర్మసందేహం వచ్చింది: కారు ఒకటే అయినప్పుడు సేల్స్‌మన్లు ఇద్దరెందుకు? వెంటనే ఒకాయన్ని ఇంటికి పంపి, మిగిలిన మనవాడి చేతిలో రెండు టైలు పెట్టారు. పొద్దున ఎర్ర టైతో ఇటు, మధ్యాహ్నం నీలం టైతో అటు. చెరో వైపు నుంచీ సగం జీతం. కాగితాల మీద మాత్రం ఇప్పటికీ ఇద్దరు మనుషులే.

మనవాడు మొదట బిక్కమొహం వేశాడు గాని, నెల తిరిగేసరికి ఆరితేరాడు. పొద్దున ఎదుటి కారుని ఏకిపారేసేవాడు. భోంచేసి, రోడ్డు దాటి, పొద్దున పొగిడినదాన్ని ఉతికి ఆరేసేవాడు. కూతురి కాలేజీ ఫీజు ఆ రెండు సగాల మీదే నడుస్తోంది గనక రెండు పూటలా మనస్ఫూర్తిగానే చేసేవాడు.

ఒకరోజు ఒక పళ్ల డాక్టరు భార్యతో సహా రెండు షోరూములూ తిరిగాడు.

"పొద్దున ఎర్ర టై ఆయన, మీ కారు గతుకుల్లో కిర్రుమంటుందన్నాడే" అంది డాక్టరు భార్య.

"ఆయన మాటలకేం లెండి మేడమ్. అమ్ముడుపోక ఏదో ఒకటి అంటుంటాడు."

"మీరిద్దరూ అచ్చం ఒకేలా ఉన్నారు."

"పైకేనండి. లోపల చాలా తేడా ఉంది." (కరపత్రంలో కారు గురించీ ఇదే వాక్యం ఉంది.)

ఆవిడ భర్త చెవిలో, "ఈయనే నయమండీ. పొద్దున్నాయన మొహంలోనే కపటం కనిపించింది" అంది. బుకింగ్ అక్కడే అయిపోయింది.

ఏడాది చివర పాత అధిపతి బదిలీ అయి, కొత్తాయన తనిఖీకి వచ్చాడు. అప్పుడు మధ్యాహ్నం. మనవాడు నీలం టైలో ఉన్నాడు.

"ఎదుటి షోరూమ్‌లో ఒకాయన ఉన్నాడట. అమ్మకాలు అంతంతమాత్రం. తీసేద్దామా అనుకుంటున్నాం. మీరేమంటారు?"

అలవాటుపడ్డ నోరు. ఆలోచన కన్నా ముందే తెరుచుకుంది.

"ఆయన ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే సార్. వచ్చిన కస్టమర్లని తరిమేసే బాపతు."

అధిపతి సంతోషించి చేయి కలిపాడు. కలిపిన చేయి వదిలేలోగా మనవాడికి తానన్నది ఎవరి గురించో వెలిగింది.

"సార్, ఆయన నేనే."

"తోటివాడి ఉద్యోగం కోసం ఇంత త్యాగం చేసేవాళ్లు అరుదు" అని అధిపతి భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సగం జీతం పోయిందని ఇంట్లో చెప్పాల్సి వచ్చింది.

"ఎవరు నాన్నా, నీ మీద చెప్పింది?" అంది కూతురు.

మనవాడు నీలం టై విప్పుతూ, "ఎదుటి షోరూమ్ వాడమ్మా" అన్నాడు. "వాడు మొదట్నుంచీ మంచివాడు కాదు."