పన్నెండో మాట

వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయనకి జాగ్రత్త ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కొచ్చి లాగి చూసేవాడు. ఆ లాగడంలో ఊడిందేమోనని మళ్లీ లాగేవాడు. ఒంటిమీది పాత కోటు ఇంట్లో కూడా విప్పేవాడు కాదు. వీధిలో అందరూ ఆయన్ని జాగ్రత్తయ్య అనేవారు. భార్య మాత్రం "ఏమండీ" అనేది. ఆ మూడక్షరాల్లోనే అంతకన్నా ఎక్కువ అనగలిగేది.

ఆవిడ దర్జీ. వంటింట్లో పొయ్యికీ కిటికీకీ మధ్య మిషను ఇరికించుకుని ఊళ్లో సగంమందికి బట్టలు కుట్టేది. ఆవిడకి వీధివైపు ఓ చిన్న కొట్టు పెట్టివ్వాలని జాగ్రత్తయ్య కోరిక. అందుకోసం నాలుగేళ్లుగా చెప్పాపెట్టకుండా మూడు రకాల క్రిప్టో నాణేలు కొన్నాడు. కంటికి కనబడవు, చేతికి తగలవు. ఒక్కో రకానికీ పన్నెండేసి ఇంగ్లీషు మాటలే తాళంచెవి. ఫోను పోయినా ఆ మాటలు వరుస తప్పకుండా కొడితే నాణేలు తిరిగొస్తాయి. మాటలు పోతే బ్రహ్మ కూడా తెరవలేడు.

అన్నీ ఒకే కాగితం మీద ఉంటే దొంగకి పని తేలికైపోదూ? అందుకని ముప్ఫయ్యారు చీటీలు రాసి, గదికో నాణెం చొప్పున మూడు గదుల్లో దాచాడు. దొంగకి వరుస తెలియకూడదని చీటీల మీద అంకెలు వేయలేదు, తనకెలాగూ గుర్తుంటుందనుకున్నాడు. భార్యకి చెప్పనూలేదు.

ఏడాది గడిచింది. ఓ ఆదివారం పొద్దున ఫోను బకెట్లో పడింది. గడియారాల లోపలే చూసినవాడికి ఫోనొక లెక్కా అనుకుని, సన్న స్క్రూడ్రైవరుతో విప్పాడు. విప్పడం బాగానే వచ్చింది. బిగించాక రెండు మరలు మిగిలాయి. ఫోను కళ్లు తెరవలేదు.

పరుగున వెళ్లి చక్కెర డబ్బా వెతికాడు. చీటీ లేదు. అటకెక్కాడు, మంచం కిందికి దూరాడు. ఒక్కటీ లేదు.

"ఏమండీ, ఏం వెతుకుతున్నారు?"

"స్ప్రింగు."

"చక్కెరలోనా?"

"చిన్న స్ప్రింగు."

ఆవిడ మిషను ఆపింది. "పోయిన ఏడు గోడలకి రంగులు వేయించినప్పుడు సామానంతా బయటపెట్టాను. స్ప్రింగు కనబడలేదు. చీటీలు కనబడ్డాయి."

జాగ్రత్తయ్య నేలమీద చతికిలబడ్డాడు. ఇక దాచేదేముంది! కొట్టు సంగతి, నాణేల సంగతి, అంతా కక్కేశాడు. "నీ కొట్టు నా చేతులతో నేనే మూసేశానే!" అన్నాడు. నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి.

"మొట్టమొదట చక్కెర డబ్బాలో దొరికింది. డాంకీ అని ఉంది. నన్నే అనుకుని రెండ్రోజులు మీతో మాట్లాడలేదు."

"ఎప్పుడు?"

"చూశారా, మీకు తెలియనే లేదు! తర్వాత సబ్బు పెట్టె వెనక టైగర్, గొడుగులో స్పూన్. గదికి పన్నెండు లెక్క తేలాక, ఎప్పుడో పేపర్లో చదివింది గుర్తొచ్చి, ఇవి తిట్లు కావు, డబ్బుకి తాళాలని అర్థమైంది. చీటీలు పొయ్యిలో వేశాను. ఆ కోటు విప్పండి."

"ఎందుకు? ఏడాదిగా వీపు మీద గీరుకుంటోందని మొత్తుకుంటున్నా వినవు. ఇప్పుడెందుకు?"

ఆవిడే విప్పించింది. వీపు దగ్గర లోపలి గుడ్డని కత్తెర మొనతో ఊడదీసి తిరగేసింది. ఎర్రదారంతో ఒక వరుస, నీలిదారంతో ఒకటి, పచ్చదారంతో ఒకటి. ఆవగింజలంత అక్షరాలు. జాగ్రత్తయ్య తన భూతద్దం కంటికి తగిలించుకుని చూసి నోరెళ్లబెట్టాడు. ముప్ఫయ్యేళ్లుగా సన్నపని చేస్తున్న మనిషి, ఇంత సన్నపని ఎన్నడూ చూడలేదు.

"వరుస... వరుస నీకెలా తెలిసింది?"

"మీరు గది ఊడ్చినా, పళ్లెంలో తిన్నా, ఆఖరికి దుప్పటి మడిచినా గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతారు. గుమ్మం దగ్గర మొదలెట్టి అలాగే తిరిగొస్తే సరిపోయింది. పెళ్లై ఇరవైరెండేళ్లండీ."

తనకే తెలియని తన సంగతి ఈవిడకి తెలుసు! అంతలోనే జాగ్రత్త నిద్రలేచింది. "అమ్మో! ఈ కోటుతో ఏడాదంతా బజారు తిరిగాను కదే!"

"మీరు స్నానానికెళ్లినా కోటు ఆ గది తలుపు లోపలే తగిలించుకుంటారు. అంతకన్నా భద్రం ఎక్కడుంది?"

పక్కింటి నర్సమ్మ పాత ఫోను అడిగి తెచ్చారు. ఎరుపు కొట్టాడు, తెరుచుకుంది. నీలం తెరుచుకుంది. పచ్చ కొడుతూ ఆగిపోయాడు. పదకొండే ఉన్నాయి.

"ఒకటి కుట్టడం మరిచావు!"

"మరవలేదు. ఆ రెండూ పోగొట్టుకుంటే పోగొట్టుకోండి. ఎక్కువున్నది మూడోదాంట్లోనేమోనని, నన్నడక్కుండా తెరవకూడదని ఆపాను."

"సరే, అడుగుతున్నా. ఏమిటా మాట?"

"మీరు రాసిందేగా."

జాగ్రత్తయ్య తల గోక్కున్నాడు. పైకప్పు చూశాడు, నేల చూశాడు, గోడ గడియారం చూశాడు. ఎంతకీ గుర్తుకు రాలేదు.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"వైఫ్."