హాంబర్గ్ పెట్టెలో చోటు

ఆ బుధవారం పొద్దున పాష్క్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తేమ కొలిచే యంత్రాన్ని చెక్కపెట్టెలో సర్దాలి, పదకొండు గంటలకు ష్కోడర్ పట్నంలోని కస్టమ్స్ యార్డు నుంచి హాంబర్గ్ బయలుదేరే లారీలో ఆ పెట్టె వేయాలి, ఇంటికొచ్చి కాఫీ తాగాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని అనుకున్నాడు. ఇంట్లో అమ్మ ఉందన్న సంగతి మరిచిపోయాడు.

పాష్క్ ఆ కొండ ఊళ్ళో సేజ్ అనే వాసనాకు కోసేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. అక్కడి కొండల మీద మొలిచిన సేజ్, ఎండి, బస్తాలకెక్కి, జర్మనీ చేరి టీ అవుతుంది. కొనే కంపెనీది ఒకటే షరతు. ఆకులో తేమ నూటికి పన్నెండు పాళ్ళు దాటకూడదు. కొలుచుకోవడానికి ఒక యంత్రాన్ని కూడా వాళ్ళే పంపారు. ఎవరి చేతిలోనూ పడకూడదని పాష్క్ దాన్ని గిడ్డంగి కింద నేలమాళిగలో తాళం వేసి దాచేవాడు. నడివేసవిలో కూడా అక్కడి గోడలు చెమ్మగిల్లి ఉంటాయి.

ఈ ఏడాది ఆ యంత్రం ఏ బస్తాలో గుచ్చినా పద్నాలుగు చూపించింది. అనుమానమొచ్చి ఇటుకకు ఆనించి చూశాడు. ఇటుకకీ పద్నాలుగే. సంగతి రాస్తే హాంబర్గ్ నుంచి వీబ్కె టోమ్సెన్ అనే ఆవిడ జవాబిచ్చింది. నెలాఖరులోగా యంత్రం చేరితే సరిచూస్తారట, తేమ సంగతి తేలకపోతే ఈ ఏటికి ఆకు వేరే దేశం నుంచి తెచ్చుకుంటారట. గిడ్డంగిలో ఎనిమిది టన్నులుంది. నలభై మంది ఆడవాళ్ళు ఎండలో నడుం వంచి కోసిన ఆకు అది. వాళ్ళు ఎదురైతే పాష్క్ వారం నుంచి సందు మార్చి నడుస్తున్నాడు.

కస్టమ్స్ కాగితంలో "కొలత యంత్రం ఒకటి, నాలుగు కిలోలు" అని రాసి, ముద్ర వేయించుకోవడానికి సంఘం ఆఫీసుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పెట్టెకు మూత బిగించి, తాడు కూడా కట్టేసి ఉంది. పక్కన వాళ్ళమ్మ మ్రిక సుత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకు బిగించావే అమ్మా?"

"నీకు మేకు తిన్నగా కొట్టడం వచ్చేడిస్తేగా. తీసుకెళ్ళు."

పాష్క్ పెట్టె ఎత్తి మళ్ళీ దించాడు. "ఇంత బరువుందేంటి?"

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు. అందుకే బరువు" అంది మ్రిక. ఆ మాటా నిజమే కాబట్టి పాష్క్ పెట్టెను వ్యానులోకి ఎక్కించాడు.

యార్డులో కస్టమ్స్ అధికారి జెఫ్ పెట్టెను త్రాసు మీద పెట్టించి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"కాగితమేమో నాలుగు కిలోలంటోంది. త్రాసు పంతొమ్మిదంటోంది. ఎవర్ని నమ్మమంటావు తమ్ముడూ?"

మూత తీయించాడు. మొదట నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు వచ్చాయి. వాటి కింద రెండు సీసాల అత్తిపళ్ళ జామ్, సంచీడు అక్రోట్లు, గుడ్డలో చుట్టిన మేక జున్ను, ఇంకా కింద ఒక రాకీ సారా సీసా.

"ఇదేంటి?"

"జలుబు చేస్తే ఛాతీకి రాస్తారన్నా."

"జలుబు లేకపోతే?"

"తాగుతారు" అన్నాడు పాష్క్ నీరసంగా.

జెఫ్ పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు. యంత్రం తప్ప అన్నీ ఉన్నాయి. పాష్క్ వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, యంత్రమేదీ?"

"పొయ్యి పక్కన పెట్టాన్లే. భద్రంగానే ఉంది."

"అది పెట్టెలో కదే ఉండాలి."

"పట్టలేదురా. అయినా వాళ్ళది వాళ్ళకే పంపితే అదేం పంపడం? పొరుగింటి గిన్నె తోమి, ఖాళీగా తిరిగిచ్చినట్టుంటుంది. మన గడప మీంచి ఏ గిన్నైనా అలా వెళ్ళిందా ఎప్పుడైనా? నేనేదో ఒక్క సీసా జామ్ పెడదామనుకున్నా. పక్కింటి దిల చూసి మేజోళ్ళు తెచ్చింది. అది చూసి ఎదురింటావిడ జున్ను తెచ్చింది. ఒకరిది పెట్టి ఇంకొకరిది వద్దంటే నేనీ వీధిలో బతకాలా వద్దా?"

గంట పదిన్నర దాటింది. ఇంటికి వెళ్ళి రావడానికి నలభై నిమిషాలు. లారీ ఆగదు, మళ్ళీ లారీ పది రోజులకు గానీ లేదు, అప్పటికి నెల దాటిపోతుంది. పాష్క్ అక్కడే ఉన్న మేజోళ్ళ కుప్ప పక్కన కూలబడ్డాడు. నలభై మందికి ఏం చెప్పాలో తెలియక అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇంకో మాట" అంది ఫోనులో మ్రిక. "పిల్లి కాళ్ళకు యంత్రం అడ్డొస్తోందని తీసి, ఊరికే ఇక్కడున్న ఆకులో గుచ్చా. తొమ్మిదంటోంది. వెచ్చగా ఉండేసరికి దాని జబ్బేదో తగ్గినట్టుంది."

పాష్క్ చటుక్కున లేచాడు. "ఇటుకకి పెట్టి చూడు."

అటు నుంచి ఇటుకను దగ్గరికి లాగిన చప్పుడు వినిపించింది.

"ఇటుకకి ఒకటి. ఇంకేమైనా చూడమంటావా? పిల్లి ఇక్కడే ఉంది."

అప్పటికి తెలిసింది పాష్క్‌కి. తడి ఆకులో లేదు, తను నేలమాళిగలో అంత భద్రంగా దాచిన యంత్రంలో ఉంది. కానీ మా అమ్మ పొయ్యి పక్కన పెడితే బాగైందని రాస్తే హాంబర్గ్‌లో ఎవరు నమ్ముతారు?

జెఫ్ పెట్టె మూల నుంచి ఒక గుడ్డసంచి పైకి తీశాడు. అందులో ఈ ఏటి సేజ్, అరకిలో ఉంటుంది.

"అమ్మా, ఈ ఆకెందుకు పెట్టావు?"

"ఆ ఉత్తరాలు రాసే ఆవిడకి. పాపం ఎప్పుడు చూసినా తేమ తేమ అంటుంది, ఒక్కసారైనా టీ కాచుకుందో లేదో."

పాష్క్ ఆ సంచిని రెండు చేతులా పట్టుకున్నాడు. యంత్రం వెళ్ళకపోతేనేం, ఆకు వెళుతోంది. కొలుచుకోవడానికి వాళ్ళ దగ్గర యంత్రాలకు కరువా? ఆకు తాలూకు ధ్రువపత్రాలు అతని జేబులో ఎప్పుడూ ఉంటాయి. కాగితంలో రాసింది కొట్టేసి, మేజోళ్ళ దగ్గర్నుంచి రాకీ దాకా వరసగా రాయడం మొదలుపెట్టాడు.

"జున్ను మాత్రం దాటదు. పశువైద్యుడి సంతకం కావాలి" అన్నాడు జెఫ్.

"ఇంటికి తీసుకెళితే ఎదురింటావిడ ఊరుకోదన్నా."

జెఫ్ జున్ను మూట విప్పి, రొట్టె తెమ్మని లోపలికి కేకేశాడు. లారీ పదకొండు గంటలకు సరిగ్గా కదిలింది.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు పాష్క్‌కి సరిగా నిద్ర లేదు. పంతొమ్మిదో రోజున పెట్టె తిరిగొచ్చింది, ఎత్తబోతే నడుం పట్టేసింది. లోపల బాదం మిఠాయిలు, బిస్కెట్ల డబ్బాలు, మ్రికకు ఒక ఊలు శాలువా, పైన వీబ్కె టోమ్సెన్ ఉత్తరం. ఆకులో తేమ తొమ్మిదేనట, ఎనిమిది టన్నులూ పంపమంది. ఆ రోజు పాష్క్ సందు మార్చకుండా, నడివీధిలోంచి ఇల్లిల్లూ తిరిగి ఆ సంగతి చెప్పొచ్చాడు. ఉత్తరం చివర ఇంకో ముక్క కూడా ఉంది. "యంత్రం మాకు చేరలేదు. తొందరేమీ లేదు, పెట్టెలో చోటున్నప్పుడు పంపండి."

అది జరిగి ఆరేళ్ళయింది. పెట్టె ఏడాదికి రెండుసార్లు వెళ్ళొస్తూనే ఉంది గానీ, యంత్రానికి ఇంకా చోటు దొరకలేదు.