మొదటి గడిలో సంతకం

బర్గర్ల కొట్టు మేనేజరు ఆ రోజు పొద్దున్నే ఈల వేసుకుంటూ షట్టరు ఎత్తాడు. వేసిన ఎత్తు అలాంటిది మరి! పనివాళ్లు తమ తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎన్నుకోవాలని హెడ్డాఫీసు కాగితం పంపింది. ఆ రోజు పొద్దున పదింటిలోగా ఎవరూ నిలబడకపోతే ఏడాది దాకా ఆ ఊసే ఉండదు. ప్రతినిధంటూ వస్తే మొదట అడిగేది వేపుడు పొయ్యి దగ్గర నిలబడే అక్కకి ఒక స్టూలు. మోకాళ్లు పట్టుకుని ఆవిడ మూడేళ్లుగా అడుగుతూనే ఉంది, మేనేజరు "చూద్దాం" అంటూనే ఉన్నాడు.

కాగితం పనివాళ్లు రోజూ చూసేచోట పెట్టాలని రూలు. సరే, దాన్ని ఫ్రిజ్ తలుపుకి వేలాడే అట్టకి, చల్లదనం రాసే చార్టుల మధ్య తగిలించాడు. ఆ చార్టులు ఎవడు చదివి చచ్చాడు! వరసగా సంతకాలు గీకేసి పోతారు. "చదువుతూ కూర్చుంటే పనెప్పుడు చేస్తారు?" అని నేర్పింది తనే. తన తెలివికి తానే మురిసిపోతూ, అలవాటు చొప్పున అట్టమీది కాగితాలన్నింటికీ మొదటి గడిలో టకటకా సంతకాలు పెట్టేసి కాఫీకి వెళ్లాడు.

పదింటికి పై అధికారి మేడం దిగింది. అట్ట తిరగేసి, "భలే!" అంది. "పన్నెండు కొట్లు తిరిగాను. ఏకగ్రీవం ఇక్కడే. అభినందనలు, ప్రతినిధిగారూ!"

మేనేజరు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మొదటి గడి పోటీకి నిలబడే మనిషిది. కింద గడులు బలపరిచేవాళ్లవి. పనివాళ్లు ఎనిమిది మందీ పెట్టారు, ఒక్కరూ తప్పలేదు.

"అయ్యో, అది పొరపాటున..."

"పొరపాటా? చదవకుండా పెట్టారా? అయితే ఈ ఫ్రిజ్ చార్టులూ అంతేనా?"

మేనేజరు గబగబా లెక్క వేసుకున్నాడు. చదవలేదంటే ఉద్యోగం హుళక్కి.

"అబ్బే, చదివే పెట్టానండీ! కానీ మేనేజరు నిలబడొచ్చా అని..."

"కూడదని రూల్లో లేదు. ఏ మేనేజరైనా నిలబడతాడని మేం కలలో కూడా అనుకోలేదు."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయితే మా తరఫున స్టూలు అడగండి సార్."

"ఎవర్ని?"

"మేనేజరుగారిని."

"కానివ్వండి," అంది మేడం. "నేనుండగానే తేలిపోవాలి."

మేనేజరు గొంతు తగ్గించాడు. "అక్కా, నువ్వూ చూడకుండానే గీకేశావు కదూ?"

"లేద్సార్. మీ సంతకం చూశాకే పెట్టాను. మిగతా ఏడుగురికీ చదివి వినిపించాను కూడా."

మేడం కొత్త కాగితం ముందు పెట్టింది. అడిగినవారికి ఒక గడి, ఒప్పుకున్నవారికి ఒక గడి.

మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, రెండు గడుల్లోనూ సంతకం పెట్టాడు.