పాచి మాస్టారి ప్రధాన సంపాదకత్వం

ఆ ఉదయం పాచి మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, కాఫీ తాగి, తన పరిశోధన వ్యాసాన్ని పంపించెయ్యాలి. కాలేజీ వెనక ఉత్తరపు గోడకు పట్టే పాచి గురించి ఏళ్ల తరబడి రాసిన వ్యాసం అది. ఆయనకు ఆ పేరు పెట్టింది విద్యార్థులు. ఇప్పుడు ప్రిన్సిపాల్ కూడా అప్పుడప్పుడు నోరు జారుతున్నాడు.

ఏ పత్రికకు పంపాలన్న విషయంలో మాస్టారికి సందేహం లేదు, ధైర్యమే లేదు. చదువుకునే రోజుల్లో ఆయనకు పాఠం చెప్పిన మేడమ్ బూడిదరంగు అట్టతో వచ్చే ఒక పాత పత్రికలో రాసేవారు, దానికి వచ్చే వ్యాసాలు పరిశీలించేవారు కూడా. శిష్యుల కాగితాల అంచున ఆవిడ రాసేది ఒక్కటే మాట: "అంటే ఎంత?" చదువు ముగిశాక ఆవిడ మళ్లీ కనబడలేదు. ఆ బూడిదరంగు అట్ట లోపలికి చేరితే, ఎక్కడున్నా ఆవిడ తన రాత చదువుతారని మాస్టారి ఆశ. ఆ ఒక్క చదువరి కోసం ఆయన ప్రాణం ఇన్నేళ్లుగా కొట్టుకుంటూనే ఉంది.

"ఇవాళైనా పంపుతారా, మళ్లీ ఆ మూడో పట్టిక దిద్దుతూ కూర్చుంటారా?" అంది భార్య.

"పంపేస్తున్నాను."

"నిరుడూ ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాటన్నారు."

మాస్టారు స్నానానికి వెళ్లారు. సెల్‌ఫోన్ల దుకాణం నడిపే బావమరిది తెరిచి ఉన్న కంప్యూటర్ ముందు చేరాడు. "వ్యాసం ఇవ్వండి, వెంటనే వేస్తాం" అని తెర మీద ఏదో పత్రిక పిలుస్తోంది. బావ కష్టం చూడలేక వ్యాసాన్ని అక్కడికి పంపేశాడు. మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది: "గుండెజబ్బులపై మీ పరిశోధన అమోఘం. రేపే ప్రచురిస్తున్నాం."

"ఎంత పని చేశావురా," అంటూ మాస్టారు కూలబడ్డారు.

"ఉద్యోగానికి పదిచోట్ల పెట్టుకోమా బావా? ఇదీ అంతే కదా."

"కాదురా. ఒకచోట అచ్చయిందంటే ఇంకెవరూ ముట్టుకోరు. వీళ్లు చదవకుండానే వేసేస్తారు."

"వేస్తున్నారుగా మరి. చదవడం దేనికి?"

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని మాస్టారు రాశారు. "మీ వినయం మాకు నచ్చింది, మిమ్మల్ని సంపాదక వర్గంలో చేర్చుకున్నాం" అని జవాబొచ్చింది. మీ పత్రికకూ నాకూ ఏ సంబంధం వద్దని ఈసారి ఘాటుగా రాశారు. ప్రధాన సంపాదకుణ్ణి చేసేశారు. ఈలోగా బావమరిది పట్టలేని ఆనందంతో ప్రిన్సిపాల్‌కు ఫోన్ కొట్టాడు.

మాస్టారు కాలేజీకి వెళ్లేసరికి గేటు దగ్గర ఆయన ఫొటో అంటించి ఉంది. ప్రిన్సిపాల్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"గుండె మీద పనిచేస్తున్నారని మాట మాత్రం చెప్పలేదేం సార్?"

"పాచి మీదండీ."

"గుండెలో కూడా పడుతుందా?" అంటూ ప్రిన్సిపాల్ ఛాతీ తడుముకున్నాడు. "సాయంత్రం సభ పెట్టాను. నాలుగు ముక్కలు మాట్లాడాలి."

మాస్టారు తన గదిలోకి పోయి తలుపేసుకున్నారు. ప్రధాన సంపాదకుడి పరిశీలన కోసమని పత్రిక వాళ్లు ఒక వ్యాసం పంపారు. తెరిచి చూస్తే తనదే.

వేరే దారి లేక, పరాయివాడి రాతను చదివినట్టు మొదటి నుంచి చదివారు. మూడో పట్టిక దగ్గర ఆగిపోయారు. ఆ కొలతలు తీసిన వేసవిలో గోడ మీది నీళ్ల ట్యాంకు కారింది. పాచి నీడకు పెరిగిందో, కారిన నీటికి పెరిగిందో వ్యాసంలో ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ చెయ్యి ఎందుకు ఆడలేదో ఆయనకు అప్పుడు తెలిసింది. మేడమ్ దీన్ని చదివి ఉంటే ఏమనుకునేవారో తలచుకుని సిగ్గుపడ్డారు. "ట్యాంకు సంగతి తేల్చలేదు, అచ్చుకు పనికిరాదు" అని రాసి, తిరస్కరించే మీట నొక్కారు.

ఆ పత్రిక పుట్టాక ఆ మీట ఎవరూ నొక్కి ఉండరు. అయినా అది పనిచేసింది. వ్యాసం పోయింది, వెనకే పదవీ పోయింది. "మీ ప్రమాణాలు మా పత్రికకు సరిపడవు" అని రాశారు. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ సభ రద్దుచేసి, గేటు దగ్గరి ఫొటోను తనే చించేశాడు.

మాస్టారు ట్యాంకు బాగుచేయించి మళ్లీ కొలతలు మొదలుపెట్టారు. ఒక వానాకాలం, ఒక వేసవి గోడ దగ్గరే గడిచాయి. వ్యాసం తిరగరాసి ఈసారి తన చేత్తోనే పాత పత్రికకు పంపారు. ఆ తర్వాత ఫోన్ మోగినా, గడియ చప్పుడైనా ఉలిక్కిపడేవారు. భార్య చూసీ చూడనట్టు ఊరుకునేది.

చివరికి ఒక ఉదయం జవాబొచ్చింది. ఇప్పుడున్న రూపంలో వేసుకోలేమన్నారు. కింద పేజీల కొద్దీ తప్పులు పట్టారు. పరిశీలకుల పేర్లు చెప్పడం ఆ పత్రికలో లేదు. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: "గోడకు నీడ ఎక్కువ అన్నారు. అంటే ఎంత?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"వేస్తారటా?" భార్య గుమ్మంలోంచి అడిగింది.

"వెయ్యరట."

"మరి ఆ కన్నీళ్లూ ఆ నవ్వూ ఏమిటండీ?"

"చదివారు," అన్నారు మాస్టారు.

వ్యాసం ఒప్పుకున్న రోజు తలుపేసుకున్న మనిషి, వద్దన్న రోజు వీధి వీధంతా మిఠాయి పంచాడు. బావమరిది తన వంతు తిన్నాడు గాని, ఇంకెప్పుడూ ఆ ఇంట్లో కంప్యూటర్ ముట్టుకోలేదు.