చల్లకుండా ఆపిన యూరియా

తప్పు చేసినవాణ్ణి దారిలో పెట్టడమే పరిపాలన. మొదట్నుంచీ దారిలోనే ఉన్నవాణ్ణి ఏం చేయాలో ఇంతవరకూ ఏ చట్టమూ చెప్పలేదు.

పైరు పీల్చుకోగా మిగిలిన యూరియాని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి గాల్లోకి వదులుతాయి. అది కార్బన్ డయాక్సైడ్ కన్నా వందల రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. (పళ్ల డాక్టర్లు దీన్ని నవ్వించే వాయువంటారు. శాఖలో ఇంకా ఎవరూ నవ్వలేదు.) అందుకని నేలవాయు నియంత్రణ శాఖ, వాయువు తగ్గించిన రైతుకి కాలువ నీళ్లలో మొదటి వంతు ప్రకటించింది.

ఊరంతా వదినా అని పిలిచే మొక్కజొన్న రైతు ఏళ్ల తరబడి యూరియా కొద్దిగానే, మొదళ్ల దగ్గరే వేస్తోంది. అధికారి ఆమె చేలో కొలత పెట్టె బోర్లించి చూసి నిట్టూర్చాడు.

"మీ చేలో వాయువే లేదమ్మా!"

"మంచిదేగా అండీ?"

"ఎలా మంచిది? తగ్గించాలంటే ముందు ఉండాలిగా! మీ మరిదిని చూడండి. పోయినేడు గుమ్మరించాడు, ఈ ఏడు సగం చేశాడు. మొదటి వంతు ఆయనదే."

"కంకి పాలుపోసుకునే వేళండీ. ఇప్పుడు తడి అందకపోతే గింజ పట్టదు."

"పోనీ, ఈసారి దండిగా చల్లండి. పైయేడు తగ్గిద్దురుగాని."

పక్కనే ఉన్న మరిది తల గోక్కున్నాడు. "నా వంతు నువ్వు పెట్టుకో వదినా."

"వంతులు బదలాయించకూడదు," అన్నాడు అధికారి.

వదిన ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు. "అయ్యా, నిన్న పది బస్తాలు చల్లుదామనుకున్నా. మళ్లీ మానేశా."

అధికారి మొహం వెలిగిపోయింది. "మరి ఇంతసేపూ చెప్పరేం! పది బస్తాల తగ్గింపు!"

సాయంత్రానికి ఆమె చేలో నీళ్లు పారాయి. కంకులు నిండుగా గింజ పట్టాయి.

సంగతి ఊరంతా పాకింది. మరిది ఇరవై బస్తాలు అనుకుని మానేశాడు. సెంటు భూమి లేని దర్జీ యాభై మానేశాడు. (ఆయనింటి కుళాయికి నీళ్లొచ్చాయి.) కోతల నాటికి జనం మానేసిన యూరియా, ఫ్యాక్టరీలన్నీ కలిసి తయారుచేసినదాన్ని మించిపోయింది. శాఖకి సన్మానం జరిగింది. కొలత పెట్టె ఒక్కటే పాత అంకెలే చూపిస్తుంటే, క్రమశిక్షణ లేదని దాన్ని స్టోర్‌రూమ్‌కి బదిలీ చేశారు.

ఎండలు మాత్రం ఇంకాస్త ముదిరాయి. తగ్గింపు ఉత్తర్వులు వాటికింకా అందలేదని శాఖ వివరణ ఇచ్చింది.